పూత

దీనికి పూత అని పేరు పెట్టినవాళ్లెవరో.
మామిడికి వచ్చేదీ పూతే,
ఓబులమ్మ నోట్లో ఇరవై రోజులకోసారి వచ్చేదీ పూతే.
కింది పెదవి తిప్పి చూపించింది:
మూడు తెల్లటి గుంటలు, అంచులు ఎర్రగా,
నాలుక పక్కన ఇంకోటి, మెంతిగింజంత.
ఫారంలో నాలుగు అని రాశాను.

కువైట్‌లో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ అవతల ఊరంతా దుమ్ము.
నాది దుబాసీ పని.
డాక్టర్ హనాన్ ఇంగ్లీషులో అంటుంది,
నేను తెలుగులో అంటాను,
ఓబులమ్మ కడపలో అంటుంది.

"జహ్రాలో పదకొండేండ్లుగా వంట చేస్తాండా సామీ.
ఉప్పు చూడల్లంటే నాలిక మండుతాది.
వాసన బట్టి ఏస్తా, చెవిని బట్టి ఏస్తా.
ఆవాలు చిటపట ఆపినాకనే జీలకర్ర."
ఆ ఇంటి పెద్దామె మెచ్చుకుంటుందట,
నోట్లో నాలుక లేని మనిషని.

వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు తాగింది.
ఎవరి మీదో అబద్ధం చెప్పుంటావన్నారు,
ఎవరి మీదా అని ఏడాది ఆలోచించింది.
పోయిన రంజాన్‌లో ఎడమ కంటికి పొగ కమ్మింది.
అప్పుడు దొరికింది జబ్బుకు పేరు.
నోటి కోసమైతే ఈ మందు జోలికి పోము,
కన్ను కోసం, అంది హనాన్ రెండుసార్లు.
నేనూ రెండుసార్లు చెప్పాను.

మూడో పేజీలో ఇరుక్కుపోయాను.
ఆల్కైలేటింగ్.
నిఘంటువు ఇచ్చిన మాటకు నోరు తిరగదు.
చివరికిలా చెప్పాను:
కణంలో రెండు పోగుల తాడొకటి ఉంటుంది.
కణం రెండు కావాలంటే పోగులు విడిపోవాలి.
ఈ మందు పోయి రెంటినీ కలిపి కుట్టేస్తుంది.
"చెడ్డ కణాన్నేనా?"
చెడ్డదాన్నీ. మంచిదాన్నీ. దానికి కళ్లు లేవు.

ఫారంలో లేనిది చెప్పలేదు:
ఈ మందు తాత ఒక విషవాయువని,
వాసన బట్టి దానికి ఆవాల పేరు పెట్టారని,
అది తగిలిన సైనికుల నెత్తురులో
తెల్ల కణాలు ఎండిపోవడం చూసి
ఎవరో అందులోంచి మందును ఏరుకున్నారని,
ఇక్కడికి ఉత్తరాన, కారులో ఒక్క పూట దూరంలో,
నా చిన్నప్పటి యుద్ధంలో
ఆ వాసన మళ్లీ లేచిందని.
పోపుల డబ్బా మూత తీస్తే గాని
తెల్లారని మనిషికి ఏమని చెప్పను?

వయసు ముప్ఫై నాలుగు.
నెలసరి ఆగిపోవచ్చు, చదివాను.
పిల్లలు పుట్టకపోవచ్చు.
ఏళ్ల తర్వాత ఇంకో పెద్ద జబ్బు రావచ్చు.
ఆమె వేళ్లు మడుస్తూ పోయింది.
"ఎన్ని వచ్చులు సామీ! ఒక్క రాదు లేదా?"
ఏమంటోంది, అని అడిగింది హనాన్.
ఆ ఒక్క వాక్యం నా వల్ల కాలేదు.

మాత్ర చూపించమంది.
గోధుమరంగు, ఆవగింజకు పెద్దక్క.
నర్సు గ్లవ్స్ తొడుక్కుని తీసింది.
ఉత్త చేతుల్తో తాకకూడదన్నాను.
"తాకగూడనిదాన్ని మింగమంటాండారు," అంది.
కోపం లేదు గొంతులో. కూరగాయల ధర అడిగినట్టుంది.
ఫారం సంచిలో పెట్టుకుపోయి
తొమ్మిది రోజులకు సంతకంతో తెచ్చింది.
మడతల మీద పసుపు మరక.

నాలుగో నెల, నోటు పుస్తకం.
సున్నా, సున్నా, సున్నా, ఆమె గుండ్రటి రాత.
పంతొమ్మిదో తేదీ పక్కన మాత్రం, ఎవరూ అడక్కుండా:
పప్పులో ఉప్పు ఎక్కువైంది. నేనే ఏసినా. నాకే తెలిసింది.

అదే పొద్దున నెత్తురు పరీక్ష వచ్చింది.
తెల్ల కణాలు రెండు వేల ఒక వంద.
మందు ఆపాలి, అంది హనాన్. తెలుగులో చెప్పాను.
పూత మళ్లీ వస్తుందా అంటే
రావచ్చు, అన్నాను, తల ఎత్తకుండా.

ఓబులమ్మ చాలాసేపు కొంగు అంచు సరిచేసుకుంది.
"ఈ బేస్తారం ఒక్కనాడు," అంది,
"ఊరిమిండి, ఎర్రకారెం, సంగటి.
తినొచ్చునా?"

తినొచ్చు, అన్నాను,
హనాన్‌ను అడక్కుండానే.